సైటేషన్ల జాబితాలో చివరి నుంచి మూడో పేరు నాది

రాయలసీమలోని ఒక స్టేట్ యూనివర్సిటీ తెలుగు శాఖలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్న పాఠకురాలు ఈ వారం సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

పద్దెనిమిదేళ్లుగా ఆమె సీమ చెరువుల మీద పనిచేస్తున్నారు. తూము, మరవ, కట్ట, పూడిక, దశబంధం లాంటి మాటలను ఊరూరా తిరిగి రైతుల దగ్గర సేకరించి, శాసనాల్లో ఉన్న వాడుకతో పోల్చి చూశారు. తెలుగులో రెండు పుస్తకాలు, పాతిక దాకా వ్యాసాలు రాశారు. చెరువుల మరమ్మతు పనులు చూసే ఇంజినీర్లు ఆమె పదకోశాన్ని జిరాక్స్ తీయించుకుని వాడుకుంటున్నారట.

గత నెలలో వాళ్ల యూనివర్సిటీ ఐక్యూఏసీ (విద్యా నాణ్యత చూసే విభాగం) వాళ్లు టీచర్లందరి గూగుల్ స్కాలర్ సైటేషన్లు, అంటే ఇతరులు తమ రచనల్లో వీళ్లను ఎన్నిసార్లు ఉదహరించారో ఆ లెక్క తీసి, సైన్సు, ఆర్ట్సు, భాషలు అన్నీ కలిపి ఒకే జాబితాగా చేశారు. ముందు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, తర్వాత నోటీసు బోర్డుకి ఎక్కించారు. మొదటి స్థానంలో నానో మెటీరియల్స్ చేసే ఫిజిక్స్ ప్రొఫెసర్, నాలుగు వేలకు పైగా సైటేషన్లతో ఉన్నారు. ఈమెకు ఏడు. హెచ్-ఇండెక్స్ 1. ఆ ఏడులో కూడా మూడు ఈమెవి కావు. ఇంటిపేరు పొడి అక్షరం, పేరు రెండూ కలిసిన ఒక నర్సింగ్ లెక్చరర్‌వి. ఆ తర్వాత జరిగిన మీటింగులో ఒక పెద్ద అధికారి భాషా శాఖల వైపు చూసి, "మన ర్యాంకు కిందికి లాగుతున్నది ఎవరో ఇప్పుడు అందరికీ తెలిసింది" అన్నారట.

మర్నాడు ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి వచ్చి, "మేడమ్, టాపిక్ మార్చుకోవచ్చా?" అని అడిగింది. అదే వారం, ఇరవై ఏళ్లుగా కలిసి భోంచేసే కెమిస్ట్రీ స్నేహితురాలు ఒక దారి చెప్పారు. "నీటి శుద్ధి మీద మా గ్రూపు పేపర్లలో ఆరో పేరుగా నీది పెడతాం. నువ్వు నీ వ్యాసాల్లో మావి రెండు మూడు సైట్ చెయ్యి చాలు." భర్త, "అందరూ చేసేదే కదా, నీకు పోయేదేముంది?" అన్నారు. ప్రొఫెసర్ ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది. "ఒప్పుకోనా? ఈ వయసులో ఇంగ్లిష్‌లో రాయడం మొదలుపెట్టనా? అసలు ఈ పద్దెనిమిదేళ్లూ వృథా చేసుకున్నానా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

*

ముందు ఆ ఏడు సంగతి చూద్దాం. మీ నిద్ర చెడగొట్టింది ఆ అంకె కాబట్టి.

గూగుల్ స్కాలర్ మీ పనిని చదివి విలువ కట్టదు. తాను చదవగలిగిన కాగితాల్లో, తాను గుర్తు పట్టగలిగిన పద్ధతిలో ఎవరైనా మిమ్మల్ని ఉదహరిస్తే లెక్కపెడుతుంది, అంతే. మీ మొదటి పుస్తకం 2011లో వచ్చిందని రాశారు. ఆ రోజుల్లో మన దగ్గర తెలుగు పుస్తకం అంటే డీటీపీ సెంటర్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. తెర మీద అక్షరాలు ముత్యాల్లా కనిపిస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం అది తెలుగని తెలియదు. దాని లెక్కలో అవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడి ఉన్న వరస. నమ్మకం లేకపోతే ఆ పుస్తకం పీడీఎఫ్ తెరిచి, ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. మీరు "మరవ" అని రాసిన చోట ఏముందో మీరే గుర్తు పట్టలేరు. ఇక స్కాన్ చేసిన పుస్తకాలైతే చాలావరకు ఉత్త బొమ్మలు. మీ వ్యాసాన్ని ఇంకో పది మంది తెలుగు పరిశోధకులు పాదసూచికల్లో ఇచ్చి ఉన్నా, ఆ పది వ్యాసాలూ ఇలాగే అచ్చయి ఉంటే ఒక్కటి కూడా లెక్కలోకి రాదు. విభాగాలు, సెమినార్ కమిటీలు వేసే వ్యాస సంపుటాలు అసలు ఆన్‌లైన్‌లోకే రావు.

అంటే నోటీసు బోర్డు మీద ఉన్న ఏడు మీ పని ఎంత మందికి ఉపయోగపడిందో చెప్పే అంకె కాదు. ఆ యంత్రానికి మీ పనిలో ఎంత కనిపించిందో చెప్పే అంకె. ఇందులో మిమ్మల్ని ఓదార్చే విషయం ఒకటుంది, మీరు పట్టించుకోవాల్సిన విషయమూ ఒకటుంది. రెండోదానికి తర్వాత వస్తాను.

సైటేషన్లు లెక్కపెట్టడం సైన్సు వాళ్ల అవసరం కోసం పుట్టింది. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చింది పరిశోధకులు ఒక పేపర్ నుంచి ఇంకో పేపర్‌కి దారి వెతుక్కోవడానికి. స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్, గూగుల్ స్కాలర్ రెండూ 2004లో వచ్చాయి. హెచ్-ఇండెక్స్ 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించింది. పది పేపర్లకు ఒక్కోదానికి కనీసం పది సైటేషన్లుంటే హెచ్-ఇండెక్స్ 10. శాస్త్రాన్ని బట్టి ఈ అంకె మారుతుందని ఆయనే ఆ పేపర్‌లో రాశారు. ఒక నానో మెటీరియల్స్ పేపర్ చివర రిఫరెన్సులు చూడండి, యాభై అరవై ఉంటాయి. రాసినవాళ్లు ఏడెనిమిది మంది. అదే పని చేసే గ్రూపులు ప్రపంచమంతా ఉన్నాయి, అందరూ ఒకరినొకరు ఉదహరించుకుంటారు. సీమ చెరువు మాటల మీద పనిచేసేవాళ్లు ఎంతమంది? మీకు అందరి పేర్లూ తెలిసే ఉంటాయి.

మన పేపర్లలో ఏటా "ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మనవాళ్లు" అని వార్తలొస్తాయి కదా, మీ క్యాంపస్‌లో ఫ్లెక్సీ కూడా కట్టారని రాశారు. అది స్టాన్‌ఫర్డ్‌లోని జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ సమాచారంతో 2019 నుంచి చేస్తున్న జాబితా. అందులో పేరుండటం గౌరవమే, మీ ఫిజిక్స్ ప్రొఫెసర్‌ గారి కష్టాన్ని తక్కువ చేయకండి. కానీ ఆ జాబితా ఎలా తయారవుతుందో మీ ఐక్యూఏసీ వాళ్లు ఒకసారి చూడాల్సింది. శాస్త్రాలను 22 రంగాలుగా, 174 ఉపరంగాలుగా విడదీసి, ఎవరి స్థానం వాళ్ల ఉపరంగంలో ఎంతో కూడా చూస్తారు. ఎవరిని వాళ్లే ఉదహరించుకున్నవి తీసేస్తే స్థానం ఎంతో కూడా విడిగా ఇస్తారు. లక్షల మందిని లెక్కించేవాళ్లే అంత జాగ్రత్తగా ఉంటే, రెండు మూడు వందల మంది ఉన్న యూనివర్సిటీలో అందరినీ ఒకే వరసలో నిలబెట్టి గోడకు అంటించడం అన్యాయం. ఈ మాట నేను మెత్తగా చెప్పలేను.

భద్రిరాజు కృష్ణమూర్తి గారిని తీసుకోండి. ఆయన ఇంగ్లిష్‌లో రాసిన ద్రావిడ భాషాశాస్త్ర గ్రంథాలకు ప్రపంచమంతటి నుంచీ ఉదహరణలున్నాయి. అదే మనిషి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మీద మాండలిక వృత్తి పదకోశం 1962లో వచ్చింది. మీ పనికి అది పెద్దన్న లాంటిది. ఊళ్ల నుంచి అంత శ్రమపడి మాటలు పోగుచేసిన ఆ సంపుటం ఈ యంత్రాల లెక్కలో ఎక్కడుంది? 1924లో మొదలైన భారతి పత్రికలో మల్లంపల్లి సోమశేఖర శర్మ గారి లాంటి చరిత్రకారులు తెలుగులో రాసిన వ్యాసాలదీ అదే పరిస్థితి. మీరు వృథా చేసుకున్నారా అని అడిగారు కదా. ఇంజినీర్లు జిరాక్స్ తీయించుకుని వాడుతున్న పదకోశం వృథా ఎలా అవుతుంది? మీరు కూడా ఒప్పుకోరు.

ఇప్పుడు మీ స్నేహితురాలి మాటకు వద్దాం. ఆమె మీ మేలు కోరే అన్నారు, అందులో నాకు అనుమానం లేదు. మిమ్మల్ని మీటింగులో అలా అంటుంటే ఆమెకు బాధ కలిగింది, తన చేతిలో ఉన్నది ఇవ్వబోయారు. కానీ ఒప్పుకుంటే ఏమవుతుందో ఇంటర్వ్యూ గదిలోంచి చూడండి. సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ మీ ఫైలు తిరగేస్తారు. తెలుగు ప్రొఫెసర్ పోస్టుకు వచ్చిన మనిషికి నీటి శుద్ధికి వాడే ఫోటోక్యాటలిస్టుల మీద పేపరు. "ఇందులో మీ పాత్ర ఏమిటమ్మా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. ఆ తర్వాత మీ రెండు పుస్తకాల మీద కూడా అదే అనుమానం పడుతుంది.

పోనీ మార్కులైనా వస్తాయా? యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో రీసెర్చ్ స్కోరు పట్టిక చూడండి. భాషల్లో పేపరుకు మూలంగా 10 మార్కులు. ఇద్దరికి మించి రచయితలుంటే ముఖ్య రచయితకు అందులో 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (అందులోని పేపర్లకు వచ్చే సగటు సైటేషన్లను) బట్టి కొంత కలుస్తుంది గానీ, ఆరో పేరుగా మీకు దక్కేది చిన్న ముక్క. జాతీయ స్థాయి ప్రచురణకర్త వేసిన సొంత పుస్తకానికి 10. సంకలనంలో అధ్యాయానికి 5. ఇంకో సంగతి, ఆ పట్టికలో సైటేషన్ల సంఖ్యకు మార్కులు లేవు. మీకు ఏ రెగ్యులేషన్ వర్తిస్తుందో, మీ పుస్తకాల ప్రచురణకర్తను ఏ కోవలో తీసుకుంటారో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో రాతపూర్వకంగా కనుక్కోండి. ఇంత టెన్షన్ పడుతున్న అంకె మీ ప్రమోషన్ ఫైలులో అడుగుతారో లేదో ముందు తేల్చుకోవాలి.

"పోయేదేముంది?" అన్న మీ వారి ప్రశ్నకు జవాబు కూడా ఉంది. పేపరులో పేరుంటే దాని మంచికే కాదు, చెడుకూ బాధ్యత ఉంటుంది. రేపు అందులో గ్రాఫులు తారుమారయ్యాయనో, సమాచారం సరిగా లేదనో జర్నల్ దాన్ని వెనక్కి తీసుకుంటే ఆరు పేర్లూ అందులో ఉంటాయి. వెనక్కి తీసుకున్న పేపర్లను గమనించే రిట్రాక్షన్ వాచ్ వాళ్లు సేకరించిన వివరాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అలాంటి పేపర్లకు, విద్యాసంస్థలకు కేంద్రం తరఫున ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ కూడా 2025 నుంచి మార్కులు తగ్గిస్తోంది. అప్పుడు యూనివర్సిటీకే నష్టం. కెమిస్ట్రీ మీకు రాదు కాబట్టి ఆ పేపరును మీరు సమర్థించుకోలేరు, తప్పు పట్టనూ లేరు. ఇక మీ వ్యాసాల్లో వాళ్ల పేపర్లు ఇరికించడం అంటే, చెరువు మాటల గురించి చదవడానికి వచ్చిన పాఠకుడికి సంబంధం లేని దారి చూపడం. అది మీ పాదసూచికల మీద మచ్చ.

స్నేహం చెడకుండా కాదనడానికి మంచి మార్గం ఒకటి కనిపిస్తోంది. ఆమె గ్రూపు పనిచేసేది నీటి మీద. మీరు పనిచేసేది చెరువుల మీద. పూడిక మట్టిని రైతులు ఎన్ని రకాలుగా విడదీస్తారో, ఏ మట్టిని ఏ చేనికి తోలుకుంటారో, దేన్ని వద్దంటారో మీ దగ్గర సమాచారం ఉందని రాశారు. ఆ మట్టినే ఆమె ల్యాబులో పరీక్ష చేస్తే? రైతులు వేర్వేరు పేర్లతో పిలిచే మట్టి నిజంగానే వేర్వేరు గుణాలు చూపిస్తుందా లేదా అన్నది అసలైన పరిశోధన ప్రశ్న. "నా పేరు ఊరికే వద్దు, ఇద్దరం కలిసి ఒక నాలుగు చెరువుల మీద చేద్దాం రా" అని అడగండి. ఆ పేపర్‌లో మీ పేరు ఆరోది అవ్వాల్సిన పని లేదు. ఒప్పుకుంటే ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది, ఈ ఇంటర్వ్యూకి అందదు. అది తెలిసే మొదలుపెట్టండి. ఒప్పుకోకపోయినా మీరు కాదన్న తీరు ఆమెను నొప్పించదు.

ఇంగ్లిష్‌లో రాయనా అన్నారు. రాయండి, కానీ తెలుగు మానేసి కాదు. మీ పాఠకులు తెలుగు తెలిసిన రైతులు, ఇంజినీర్లు, విద్యార్థులు. వాళ్లను వదిలి నోటీసు బోర్డు కోసం రాస్తే ఇన్నాళ్ల పనికి అర్థం లేకుండా పోతుంది. అయితే మీ దగ్గరున్న సామగ్రి తమిళ, కన్నడ చెరువుల మీద, నీటి చరిత్ర మీద పనిచేసేవాళ్లకు ఎంతో అవసరం. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువు కట్టడానికి ఉండాల్సిన పన్నెండు అంగాలు, తగని ఆరు దోషాలు చెబుతుంది కాబట్టి తెలుగు రాని చరిత్రకారులూ దాన్ని ఉదహరిస్తారు. ఆ ప్రాంతం రైతులు ఈ రోజు వాడే మాటలతో దాన్ని పక్కపక్కన పెట్టి చూపించగలిగిన వాళ్లు ఎంతమంది ఉంటారు? మీరు చూపించగలరు. ఏడాదికి ఒక్క వ్యాసం, మీ తెలుగు పుస్తకంలోని ఒక్కో అధ్యాయం నుంచి. భాష దగ్గర భయం ఉంటే ఇంగ్లిష్ శాఖలో ఒకరి చేత దిద్దించుకుని, వాళ్లకు కృతజ్ఞతలు చెప్పండి. ద్రావిడ భాషాశాస్త్రానికి తిరువనంతపురం నుంచి వచ్చే పాత జర్నల్ ఉంది, ముందు అలాంటి చోట ప్రయత్నించండి. యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా అయిన యూజీసీ కేర్‌ను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు కాబట్టి మంచి చెడ్డ జర్నల్ తేల్చుకునే భారం ఇప్పుడు మన మీదే పడింది. వారంలో అచ్చు వేస్తామని, ముందు డబ్బు కట్టమని మెయిల్ వస్తే తెరవకుండానే తీసేయండి.

ఇందాక పట్టించుకోవాల్సిన విషయం ఉందన్నాను. మీ పని కనిపించడం లేదన్నది నిజం. దానివల్ల జాబితాలో స్థానం పోతే పోయింది, చదవాల్సిన వాళ్లకు కూడా దొరకడం లేదు. కర్నూలులో ఇదే పని మొదలుపెట్టే విద్యార్థి గూగుల్‌లో "దశబంధం" అని వెతికితే మీ పుస్తకం రావాలి. రెండు పుస్తకాలనూ యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తు పట్టే పద్ధతిలోకి మార్పించండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి. వత్తులు, అరసున్నలు అక్కడక్కడా చెడతాయి, ఒకరు కూర్చుని ప్రూఫు చూడాల్సిందే. ప్రచురణకర్త ఒప్పుకుంటే యూనివర్సిటీ లైబ్రరీ రిపాజిటరీలో (ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టించండి. పేరు, సంవత్సరం, రెండు పేరాల ఇంగ్లిష్ సారాంశం ఉండాలి. మీ సిద్ధాంత గ్రంథం, మీ విద్యార్థులవి పీహెచ్‌డీ గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో ఉన్నాయో లేదో, ఉంటే తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య ఓర్‌సిడ్ తీసుకోండి. పదహారు అంకెల ఆ నంబరు ఉంటే, పొడి అక్షరాలతో పేర్లు రాసుకునే మన బోటివాళ్లు ఒకరి ఖాతాలో ఒకరు పడే బెడద తగ్గుతుంది. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లోకి వెళ్లి ఆ నర్సింగ్ లెక్చరర్ పేపర్ తీసేయండి. ఏడు నాలుగవుతుంది. అవనివ్వండి. రేపు జాబితా గురించి మాట్లాడే హక్కు మీకు అక్కడి నుంచే వస్తుంది.

ఆ మాట్లాడటం కూడా అవసరమే. ఆ అధికారి అన్న మాట మొరటుగా ఉన్నా, ఆయన మీద ఒత్తిడి నిజమైనదే. ఎన్‌ఐఆర్‌ఎఫ్ 2024లో స్టేట్ యూనివర్సిటీలకు విడిగా ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఏడాది ఉస్మానియా 6, ఆంధ్రా యూనివర్సిటీ 7 అని వచ్చినప్పటి నుంచి ప్రతి క్యాంపస్‌లోనూ "మనమెక్కడ?" అన్న ప్రశ్నే. కాబట్టి ఆయన భాషలోనే చెప్పండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ పేపర్లను, సైటేషన్లను తీసుకునేది స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ డేటాబేస్‌ల నుంచి. గూగుల్ స్కాలర్ నుంచి కాదు. అంటే ఆ గోడ మీది జాబితా మొత్తం రెట్టింపైనా ర్యాంకు కదలదు. పైగా అందులో పీహెచ్‌డీ పూర్తిచేసిన విద్యార్థుల సంఖ్యకు విడిగా మార్కులున్నాయి. మీ చేతి కింద ఇప్పటికే ఐదుగురు పూర్తి చేశారు. కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్లు పుస్తకాలు, అధ్యాయాలు కూడా అడుగుతారు. భాషా శాఖలు ర్యాంకును కిందికి లాగుతున్నాయి అనడానికి ముందు ఇవన్నీ లెక్కలో వేయాలి.

ఒంటరిగా వెళ్తే సొంత బాధ చెప్పుకున్నట్టు ఉంటుంది. చరిత్ర, ఉర్దూ, సంస్కృతం, గణితం వాళ్లను కలుపుకోండి. గణితంలో కూడా సైటేషన్లు తక్కువే, ఆ జాబితాలో వాళ్ల స్థానమూ బాగుండి ఉండదు. ఒక పేజీ వినతిపత్రం చాలు. జాబితా వేస్తే శాఖల వారీగా వేయండి, పుస్తకాలు, తెలుగు వ్యాసాలు, పీహెచ్‌డీలు పక్క గడుల్లో చూపండి, అతికించే ముందు ఎవరి వివరాలు వాళ్లకు చూపించి సరిచేయించండి అని అడగండి. ఆధారం కావాలంటే, పరిశోధనను అంకెలతో ఎలా కొలవాలో చెబుతూ 2015లో నేచర్ పత్రికలో వచ్చిన లైడెన్ మ్యానిఫెస్టో ఉంది. స్థానిక అవసరాలకు చెందిన పరిశోధనను కాపాడాలన్నది అందులోని పది సూత్రాల్లో ఒకటి. ఆంగ్లంలో అచ్చవడమే నాణ్యత అనుకోవడం తప్పని కూడా అందులో ఉంది. దాన్ని రాసినవాళ్లు సైటేషన్ల లెక్కల్లో ఆరితేరిన నిపుణులు. వినతిపత్రం ఇచ్చాక కొందరికి కోపం రావచ్చు. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగాలనిపిస్తే ఆగండి, అందులో పిరికితనం లేదు. లేదా సంతకాల్లో మీది మొదటిది కాకుండా చూసుకోండి.

చివరిగా ఆ అమ్మాయి సంగతి. నా దృష్టిలో వీటన్నిటికంటే అదే తొందరగా చూడాల్సింది. ఆమె భయాన్ని కొట్టిపారేయకండి. మీకు ఉద్యోగం ఉంది, ఆమెకు ఇంకా రాలేదు. షార్ట్‌లిస్టుల్లో స్కోపస్ పేపర్ ఉందా అని అడిగే చోట్లు ఉన్నాయి. టాపిక్ మార్చుకుంటే ఫెలోషిప్ కాలంలో ఎంత పోతుందో, మార్చకపోతే ఏ ఉద్యోగాలకు ఇబ్బందో ఆమెతో కూర్చుని కాగితం మీద రాయించండి. నిర్ణయం ఆమెదే కావాలి. ఉండిపోతానంటే ఇంగ్లిష్‌లో రాయబోయే మొదటి వ్యాసం ఇద్దరూ కలిసి రాయండి, ఆమె సేకరించిన ఊళ్లు ఆమె పేరుతోనే రావాలి. వెళ్తానంటే నో అబ్జెక్షన్ మీద మనస్ఫూర్తిగా సంతకం పెట్టి పంపండి. ఈ సోమవారమే పిలిచి మాట్లాడండి, ఆమె కూడా నిద్రపోతూ ఉండి ఉండదు.